కింద ఉన్నవాడే గోడ అయితే?

పిల్లలూ! ఈ వ్యాసం చదవడం ఒక్క నిమిషం ఆపి, గోడ దగ్గరికి వెళ్ళండి. మీ కుడిభుజమూ, కుడిపాదం అంచూ గోడకు ఆనేలా పక్కగా నిలబడండి. ఇప్పుడు ఎడమకాలు పైకెత్తి ఒక్క క్షణం అలాగే నిలవండి, చూద్దాం.

ఏమైంది? కాలు లేవనంటోంది కదూ! బలవంతాన ఎత్తితే ఎడమపక్కకు తూలిపోతున్నారు. మామూలుగా ఎడమకాలు ఎత్తేముందు మనకు తెలియకుండానే ఒంటిని కాస్త కుడివైపుకు వాల్చి, బరువంతా కుడిపాదం మీద వేస్తాం. అంటే శరీరపు గరిమనాభిని కుడిపాదానికి పైగా తెస్తాం. గోడ అడ్డంగా ఉంటే ఆ వాలడం కుదరదు. గరిమనాభి రెండు పాదాల మధ్యనే ఉండిపోతుంది. అప్పుడు ఎడమకాలు తీస్తే దానికి కింద ఆధారం ఉండదు. గోడ మిమ్మల్ని తోయలేదు, లాగలేదు. ఊరికే నిలబడింది, అంతే.

ఇంత చిన్న సంగతి ఆధారంగా, నేలమీద పడిన మనిషి తనమీదికి ఎక్కినవాణ్ణి దొర్లించే ఉపాయం ఒకటి ఉంది. దాని పేరు హాఫ్ గార్డ్. బ్రెజిలియన్ జియుజిత్సు అనే మల్లవిద్యలోది.

మన కుస్తీలో వీపు నేలకు ఆనిందంటే ఆట ముగిసినట్టే. కుస్తీ భాషలో 'చిత్తు చేయడం' అంటే అదే. జియుజిత్సులో మాత్రం వెల్లకిలా పడడం ఓటమి కాదు. అసలు ఆట అక్కడే మొదలవుతుంది! ఈ విద్య పుట్టుక జపానులో. జిగోరో కానో అనే ఉపాధ్యాయుడు పాతకాలపు జుజుత్సు పట్లలోంచి మంచివి ఏరి, 1882లో టోక్యోలో కోడోకాన్ అనే శిక్షణాలయం స్థాపించి జూడో నేర్పసాగాడు. అక్కడ తయారైన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. తరువాత అమెజాన్ నది సముద్రంలో కలిసే ప్రాంతంలోని బెలేమ్ నగరంలో స్థిరపడ్డాడు. అతని దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ, అతని తమ్ముడు హేలియో గ్రేసీ రియో డి జనీరోలో ఈ విద్యను నేలమీది పోరాటంగా పెంచారు. హేలియో (1913–2009) బక్కపలచని మనిషి. కిందపడ్డా పోరాడగలిగే పద్ధతులు అలాంటివాడికి అవసరమవడంలో వింతేముంది?

వెల్లకిలా ఉన్నవాడు తన రెండు కాళ్ళనూ పైవాడి నడుం చుట్టూ వేసి బిగిస్తే అది గార్డ్, అంటే కాపలా. కాళ్ళతో కట్టిన కంచె అనుకోండి. పైవాడు ఆ కంచె దాటి పక్కకు చేరి అదిమిపట్టాలి. దాటితే అతనికి 3 పాయింట్లు. కిందివాడు పైవాణ్ణి దొర్లించి తాను పైకి వచ్చి, 3 సెకండ్లు అక్కడ నిలబడగలిగితే అతనికి 2 పాయింట్లు. ఇలా దొర్లించడాన్ని స్వీప్ అంటారు.

పైవాడు కంచెను సగమే దాటాడనుకోండి. అతని ఒక కాలు బయటపడింది, రెండోది ఇంకా కిందివాడి కాళ్ళమధ్య చిక్కి ఉంది. అదే హాఫ్ గార్డ్. చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. మునిగే పడవలో చివరి పలకలాగా, ఓడిపోయే ముందు కొంతసేపు పట్టుకు వేలాడే చోటుగానే చూశారు. ఆ అభిప్రాయం మారడానికి కారణం ఒక దెబ్బతిన్న మోకాలు. రియోలో రొబెర్తో కొర్రెయా అనే ఆటగాడు ఉన్నాడు. అందరూ 'గోర్దో' అంటారు. పోర్చుగీసు భాషలో 'లావుపాటివాడు' అని అర్థం. మోకాలికి గాయమై, పూర్తి గార్డ్ బిగించడం అతనికి కష్టమైంది. ఆట మానుకోవడం ఇష్టంలేక, దెబ్బతిన్న కాలికి శ్రమ తగ్గేలా హాఫ్ గార్డ్‌లోనే సాధన చేస్తూ పోయాడు. అక్కడినుంచే దాడులు కనిపెట్టాడు. 1990ల తొలిరోజులకల్లా ఇతరులు అతని దగ్గర చూసి నేర్చుకోవడం మొదలైంది.

ఇప్పుడు మీరు కింద ఉన్నారనుకోండి. మీ బరువు 40 కిలోలు, పైనున్న ప్రత్యర్థి బరువు 55 కిలోలు. అతని కుడికాలు మీ కాళ్ళమధ్య చిక్కి ఉంది. ఎడమకాలు బయట, మీ కుడిపక్కన ఉంది. కుడి ఎడమల దగ్గర తికమక అనిపిస్తే రెండు బొమ్మలను ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. ఈ వ్యాసం రాసేటప్పుడు నేనూ అదే పని చేశాను.

అన్నిటికంటే ముందు చేయవలసింది, వీపు మీద చదునుగా ఉండకపోవడం. ఊపిరి పీల్చాలంటే పక్కటెముకలు విచ్చుకోవాలి, ఉదరవితానం కిందికి దిగాలి. ఛాతీమీద 55 కిలోల మనిషి వాలితే ప్రతి శ్వాసకూ ఆ బరువును కొంత ఎత్తవలసి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడే కంగారుపడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటారు. కండరాలు పనిచేసినకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుతున్నదేమో తక్కువ. ఒక్క నిమిషంలో డస్సిపోతారు. అందుకే కుడి తుంటిమీదికి ఒత్తిగిల్లి ప్రత్యర్థివైపు తిరగాలి. అప్పుడు అతని బరువు మీ ఛాతీమీద నిలవక పక్కకు జారుతుంది. తుంటి ఇరుసులాగా పనిచేస్తుంది, నడుం కదలడానికి వీలు చిక్కుతుంది.

పైవాడు ఊరుకుంటాడా? తన భుజాన్ని మీ దవడకు ఆనించి తలను అవతలివైపుకు తిప్పేస్తాడు. తల ఎటు తిరిగితే వెన్ను అటే తిరుగుతుంది. మీరు మళ్ళీ చదునుగా పడతారు. తలను అదుపుచేయడం ఎంత సులువో తెలియాలంటే, మీ స్నేహితుణ్ణి కుర్చీలో వెనక్కి వాలి కూర్చోమనండి. అతని నుదుటిమీద ఒక్క వేలు ఆనించి, ఇప్పుడు లేవమనండి. లేవలేడు! లేవాలంటే తల ముందుకు వచ్చి, గరిమనాభి పాదాల పైకి చేరాలి. నడుం దగ్గర మడత ఉన్న పొడుగాటి తులాదండానికి తల కొసలాంటిది. కొస దగ్గర వేలంత బలం చాలు. అందుకే హాఫ్ గార్డ్ బాగుపడాలంటే మొదట దవడను కాపాడుకోవాలి. మీ చేతిని అతని భుజానికీ మీ ముఖానికీ మధ్య ఎప్పుడూ ఉంచండి.

దూరం కావాలనుకుంటే మోకాలిని డాలుగా వాడతారు. కింది కాలు అతని కుడికాలిని వదలదు. పై కాలి మోకాలు మడిచి, ముంగాలి ఎముకను అతని ఛాతీకి అడ్డంగా పెడతారు. చాలామంది ఈ కాలితో పైవాణ్ణి తన్నినట్టు తోస్తూ అలసిపోతారు. తోయడం కాదు, ఊతంగా నిలపాలి. మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ చాచి అరచేతులమీద వాలి చూడండి. ఎంతసేపయినా ఉండగలరు. మోచేతులు సగం వంచి అలాగే వాలండి. కాసేపటికే కండరాలు వణుకుతాయి. చెయ్యి నిటారుగా ఉన్నప్పుడు బరువులో ఎక్కువ భాగం ఎముక వెంట సాగిపోతుంది. వంచినప్పుడు కండరం దాన్ని పట్టి నిలపాలి. ఒరిగిన పందిరికి ఆనించిన వాసం అలసిపోతుందా? మీ ముంగాలు అలాంటి వాసం కావాలి. అతని బరువు దానిమీదుగా మీ తుంటికి, అక్కడినుంచి నేలకు దిగాలి.

కానీ డాలు పట్టుకొని ఎంతసేపు కూర్చుంటారు? గెలవాలంటే దగ్గరికి రావాలి. ఇక్కడ పోరాటమంతా ఒక చంక కోసం! మీ ఎడమచేతిని ప్రత్యర్థి కుడిచంక కిందినుంచి దూర్చి, వీపుమీదికి చేర్చాలి. దీన్ని అండర్‌హుక్ అంటారు. ఈ చెయ్యి ఎవరిదైతే సగం ఆట వారిదే అని నా అభిప్రాయం. అతని చెయ్యి మీ చంకలో దూరితే అతను మిమ్మల్ని చదును చేస్తాడు. మీ చెయ్యి అతని చంకలో దూరితే అతని కుడిభుజం లేచిపోయి, మీమీద బరువు వేయడం కుదరదు. దూర్చిన వెంటనే కొంచెం కిందికి జరిగి, మీ తలను అతని ఛాతీకి గట్టిగా ఆనించండి. తల వెనక్కి పడితే చెయ్యి దూర్చినా ప్రయోజనం ఉండదు.

ఇక మొదట చేసిన గోడ ప్రయోగం గుర్తుచేసుకోండి. కుడి మోచేతిమీద లేచి, మోకాళ్ళమీదికి వస్తూ అతన్ని అతని ఎడమవైపుకు నెట్టండి. అతని కుడిపక్కన ఇప్పుడు ఏముంది? మీ తల, మీ భుజం, మీ చెయ్యి. అంటే మీరే గోడ! కుడికాలేమో చిక్కుకుని ఉంది. బరువంతా ఎడమమోకాలి మీదికి చేరింది. పడకుండా ఉండాలంటే ఆ మోకాలిని దూరంగా జరిపి ఆధారాన్ని వెడల్పు చేసుకోవాలి. జరపాలంటే దాన్ని తేలిక చేయాలి. తేలిక చేయాలంటే కుడివైపుకు వాలాలి. అక్కడ గోడ ఉంది! మీ కుడిచేతిని అతని ఎడమమోకాలికి బయటివైపు అడ్డుపెడితే పని పూర్తయినట్టే.

దీనికి ఎంత బలం కావాలో లెక్కవేద్దామా? అతని గరిమనాభినుంచి ఎడమమోకాలికి అడ్డంగా దూరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. మీరు నేలనుంచి 50 సెంటీమీటర్ల ఎత్తున నెడుతున్నారనుకుందాం. మోకాలి చుట్టూ అతని బరువు బలభ్రామకం 55 × 20 = 1100. దానికి సరితూగాలంటే మీ బలం 1100 ÷ 50 = 22 కిలోల బరువుకు సమానం కావాలి. ఎత్తి పక్కన పడేయాలంటే 55 కిలోలు ఎత్తాలి, దొర్లించడానికి 22 చాలు. అదీ మొదటి క్షణంలోనే. అతను ఒరిగి ఆ 20 సెంటీమీటర్ల దూరం 10 అయిందా, దాదాపు 11 కిలోలతో సరిపోతుంది. గరిమనాభి మోకాలి పైకి వచ్చేసరికి మీరు తోయనక్కర్లేదు. మిగతా పని భూమి ఆకర్షణ చూసుకుంటుంది.

తెలివైన ప్రత్యర్థి పడిపోయేదాకా చూస్తూ కూర్చోడు. తన కుడిచేతిని మీ ఎడమచేతి పైనుంచి చుట్టి బిగించి, బరువంతా తిరిగి మీమీదికి, అంటే తన కుడివైపుకు తోస్తాడు. అప్పుడు పోటీపడి నెట్టకండి. 40 కిలోలవాళ్ళు 55 కిలోలతో నెట్టుడుపందెం ఎందుకు ఆడాలి? గోడను తీసేయండి! అతను తోసే దిక్కుకే వెనక్కి ఒరిగి, అతని కిందికి దూరి, మీ ఎడమవైపుకు దొర్లండి. అటు అతనికి ఆధారం ఏముంది? కుడికాలు మీ కాళ్ళమధ్య ఉంది. కుడిచేతిని తానే మీ చేతికి చుట్టి కట్టేసుకున్నాడు. నాలుగు కాళ్ళ బల్లకు ఒకపక్క రెండు కాళ్ళూ తీసేస్తే ఎటు పడుతుందో వేరే చెప్పాలా? తడబడి ఆ చెయ్యి వదిలాడంటే మళ్ళీ మొదటి దిక్కుకే నెట్టవచ్చు.

ఇది చిన్నవాళ్ళ విద్య మాత్రమే అనుకోకండి. బ్రెజిల్ ఆటగాడు బెర్నార్దో ఫారియా మంచి బరువైన మనిషి. హాఫ్ గార్డ్‌నే తన ముఖ్యమైన ఆయుధంగా చేసుకొని, 2015 ప్రపంచ పోటీల్లో బరువుతో నిమిత్తం లేకుండా అందరూ తలపడే విభాగంలో గెలిచాడు. అతను ఇష్టపడే పద్ధతుల్లో ఒకటి, పైవాడి తుంటి కిందికే పూర్తిగా దూరిపోవడం. పైవాడి గరిమనాభి సరిగ్గా కిందివాడి మీదికి వస్తుంది. ఇక అతన్ని ఏ దిక్కుకు దొర్లించాలన్నది కిందివాడి ఇష్టం.

గోడ, కుర్చీ ప్రయోగాలు మీరు ఇంట్లో చేయవచ్చు. దొర్లించే పట్లు మాత్రం మెత్తని చాపల మీద, శిక్షకుడు చూస్తుండగానే చేయాలి. మోకాలు తలుపు బందులాంటిది. మడవడానికీ చాపడానికీ తయారైంది, పక్కకు మెలితిప్పితే కీలును కట్టి ఉంచే బంధనాలు తెగవచ్చు. చిక్కిన కాలు మెలిపడుతోందని ఏ ఒక్కరికి అనిపించినా అరచేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టగానే రెండోవారు ఆ క్షణమే వదిలేయాలి. ఇందులో ఆలస్యానికీ వాదనకూ తావులేదు. తట్టడం నామోషీ కూడా కాదు, ప్రతి తరగతిలో అందరూ తడుతూనే ఉంటారు.

సాధన మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట. మొదటి వారమే దొర్లించడానికి తొందరపడకండి. చదునుగా పడి, రెండు నిమిషాల్లో ఒత్తిగిల్లి దవడను కాపాడుకోవడం మాత్రమే పందెంగా పెట్టుకోండి. తరువాత చంక కోసం పోరాటం ఒక్కటే. ఆ తరువాతే నెట్టడం. ఒకసారి మీకంటే బరువైన జోడీతో, ఒకసారి తేలికైన జోడీతో చేయండి. పక్కన కూర్చున్న మూడో స్నేహితుణ్ణి పైవాడి ఎడమమోకాలినే కనిపెట్టి చూడమనండి. అది నేలమీద బయటికి జరిగిందంటే, మీ కుడిచెయ్యి అడ్డు చేరడం ఆలస్యమైందన్నమాట. మళ్ళీ చేయండి.