కులపురాణము చెప్పు పటము

మోస్రా, వర్ని, బోధను పరిసరముల గ్రామములలో సాలెలు, గౌడులు, ముదిరాజులు, మాదిగలు ఇరుగుపొరుగువారు. వీరిలో ప్రతి కులమునకును తనదైన పురాణ మొకటి కలదు. తెలంగాణమున ఆ పురాణములను ప్రజలు చదివి కాక, పటమున చూచుచు, కథకుని నోట వినుచు తెలిసికొనిరి.

ఆ పటములను వ్రాయువారు నకాషీలు. వారికి పేరుగన్న ఊరు చేర్యాల. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదైన ఈ ఊరు 2016లో సిద్దిపేట జిల్లాలో చేరినది. ఖద్దరుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణిబంక కలిపి పలుమార్లు పూత పూయుదురు. అది ఆరిన పిమ్మట ఉడుతవెండ్రుకల కుంచెతో రేఖలు దిద్ది, ఎఱ్ఱని నేలపై బొమ్మలు నిలుపుదురు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 40 అడుగులు దాటుటయు కలదు. పై నుండి క్రిందికి, వరుస వెంట వరుసగా, పటము విప్పినకొలది కథ సాగును.

పటము వ్రాయించుకొనువాడు కథకుడు. కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు, గౌడజెట్టిలు గౌడులకు, డక్కలివారు మాదిగలకు కథ చెప్పుదురు. కూనపులివారి పటమున మార్కండేయుని కుమారుడగు భావనాఋషి తామరతూటి నారతో బట్ట నేయును. నేతవారి కథ నేతగుడ్డపైననే వెలయుట యెంత ఉచితము! డక్కలివారి జాంబపురాణము, ఆదిజాంబవుడు భూమికంటె ముందే పుట్టెనని చాటును. ఊరు ఎవరిని వెలిగా నుంచెనో, వారే అందరికంటె పెద్దలని ఆ పటము పలుకును. శ్రమజీవులకు ఇది వినోదము మాత్రమే కాదు. తమ గౌరవమునకు సాక్ష్యము.

అందువలననే పటమును దైవముగా భావింతురు. కన్నులను కడపట దిద్ది, పూజచేసి, కథకున కప్పగింతురు. జీర్ణించిన పటమును మూల పడవేయక, కర్మ జరిపి నీట విడుతురు. రాజస్థానమున పాబూజీ కథాపటములను పుష్కర సరస్సున విడుచుట ఇట్టిదే. ప్రాచీన పటములు అరుదగుట కిది యొక కారణము.

నేడు చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించినది. చిన్న పటములు, ముఖములు, బొమ్మలు పట్టణముల గోడల నలంకరించుచున్నవి. చిత్రకారునికి బ్రతుకుతెరువు దొరకుట సంతోషమే. కాని సినిమా, టెలివిజను వచ్చిన పిమ్మట కథకునికి ఆదరణ తగ్గినది. గోడకు వ్రేలాడు బొమ్మ తన కథను తాను చెప్పుకొనలేదు. పటమున నున్నది సగము. మిగిలిన సగము కథకుని కంఠమున నున్నది.

ఆ సగమును కాపాడుటకు పాఠశాలలు కొంత చేయగలవు. “మన వాడకు వచ్చి పటము విప్పినవారెవరు? ఏ కథ చెప్పిరి?” అని విద్యార్థులు తమ యింటి వృద్ధుల నడిగి, విన్నది విన్నట్లు వ్రాసికొనవలెను. ఉపాధ్యాయులు ఆ వ్రాతలను భద్రపఱచవలెను. ఆ వృద్ధులు ఉన్నప్పుడే ఈ పని జరుగవలెను.