డిశ్చార్జి తర్వాత: పునరావాస చికిత్స అందని నెలలు

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేసరికి ప్రాణాపాయం తప్పి ఉంటుంది. కానీ చేయి లేవదు, మాట స్పష్టంగా రాదు, మింగడం కష్టమవుతుంది. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనులను మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు. అది సాధనతో, ఎక్కువగా మొదటి మూడు నెలలలో జరుగుతుంది. ఆ సాధనను పద్ధతిగా చేయించేదే పునరావాస చికిత్స. భారతదేశంలో చాలామంది రోగులకు ప్రభుత్వ సహాయం ఆగిపోయేది కూడా ఆ నెలలలోనే.

ఇందుకు ముఖ్య కారణం ఖర్చు భరించే పద్ధతిలో ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, 2018 నాటి ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం ఏర్పడినవి. జన ఆరోగ్య యోజన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు భరిస్తుంది. డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు మాత్రం గడువు 15 రోజులే. ఆపైన పట్టణానికి తిరిగే ఆటో ఖర్చు, తోడు వెళ్లినవారు పోగొట్టుకునే కూలి ఇంటివారే భరించాలి.

మరి ఇంటివారికే శిక్షణ ఇస్తే సరిపోదా? ఈ ప్రశ్నతోనే భారతదేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులపై ‘అటెండ్’ అనే అధ్యయనం జరిగింది. 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల తర్వాత మరణించినవారు, పరాధీనులైనవారు కలిపి రెండు వర్గాలలోనూ 47 శాతం. కుటుంబం తోడ్పాటు ఎంత విలువైనదైనా, ఆ శిక్షణ ఒక్కటే చాలలేదు.

బ్రిటన్‌లో నైస్ సంస్థ 2013లో ఒక్కో థెరపీకి రోజుకు కనీసం 45 నిమిషాలు సూచించింది. 2023లో దానిని మొత్తం మీద రోజుకు కనీసం మూడు గంటలు, వారానికి కనీసం ఐదు రోజులుగా పెంచింది. థెరపిస్టుల కొరత వల్ల అక్కడా అందరికీ అంత అందడం లేదు. అయితే ప్రమాణం ఉన్నందువల్ల లోటు ఎంతో కొలవగలుగుతున్నారు.

భారతదేశం అన్నీ కొత్తగా నిర్మించనవసరం లేదు. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం సామాజిక ఆరోగ్య కేంద్రంలో పునరావాస కార్యకర్త ఉండాలని, మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లాలని అప్పుడే నిర్దేశించింది. ఆ పోస్టులను భర్తీ చేసి, థెరపిస్టుల పర్యవేక్షణ కల్పించాలి. డిశ్చార్జి రోజునే రోగి వివరాలు ఆ కేంద్రానికి చేరాలి. బీమా గడువును 15 రోజుల నుంచి మూడు నెలలకు పెంచి, ఇంటి వద్ద థెరపీకి కూడా చెల్లించాలి. విదేశాలలో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు డబ్బు పంపగలరు; దగ్గరలో థెరపిస్టు లేని ఊళ్లో ఆ డబ్బుతో కొనగలిగే చికిత్స లేదు.