రెండవ మిఠాయి

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన బింగ్ శిశువిద్యాలయములో, 1960 దశకపు కడపటి సంవత్సరములయందు, వాల్టర్ మిషెల్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, నాలుగైదేండ్ల బిడ్డలను ఒక్కొక్కరినే చిన్నగదిలో కూర్చుండబెట్టి, బల్లమీద మిఠాయి నుంచి, తాము తిరిగివచ్చువరకు ఓపికపట్టినచో రెండు లభించుననియు, పట్టలేనిచో గంట వాయించి ఒక్కదానితో సరిపెట్టుకొనవచ్చుననియు చెప్పి వెడలిపోవుచుండిరి. తలుపు మూసిన పిమ్మట కొందరు పిల్లలు చేతులతో కన్నులు కప్పుకొనిరి. కొందరు తమలో తాము పాడుకొనిరి. కాళ్లతోను చేతులతోను ఆటలు కల్పించుకొన్నవారును, నిద్రపోవుటకు యత్నించినవారును గలరు. మిఠాయి యెదుట కనబడుచుండగా దానినే తలపోయుచు కూర్చున్న బిడ్డలు త్వరలోనే లొంగిపోయిరి. దానిని మూతపెట్టి కనుమరుగు చేసినప్పుడును, అది తినువస్తువు గాక తెల్లని మబ్బుతునక యని భావింపుడని ముందుగా చెప్పినప్పుడును, బిడ్డలు చాలసేపు నిలువగలిగిరి. నిగ్రహము పండ్లు బిగబట్టు బలముకంటె చూపును తలపును మరల్చు నేర్పునందే అధికముగా నెలకొనియున్నదని నేను విశ్వసించుటకు ఈ ప్రయోగములే ప్రథమ కారణము.

కోరిక రగులుకొనుటలో డోపమైన్ అను రసాయనమునకు ప్రధానమైన పాత్ర గలదు. అది సుఖమిచ్చు ద్రవ్యమని లోకమున వాడుక; వాస్తవము అంతకంటె చిత్రమైనది. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతులకు పండ్లరసపు చుక్క నిచ్చుటకు ముందుగా ఒక సంకేతమును చూపుచు రాగా, తొలుత రసము నోట బడినప్పుడు చెలరేగిన డోపమైన్ నాడీకణములు, అలవాటైన పిదప, సంకేతము కనబడిన క్షణముననే చెలరేగి, ఎదురుచూచిన రసము వచ్చినప్పుడు మిన్నకుండెను. కెంట్ బెరిడ్జ్ అను మరియొక శాస్త్రజ్ఞుడు పరీక్షించిన యెలుకలలో డోపమైన్ దాదాపు పూర్తిగా నశించిన పిమ్మటను, తీపి నాలుకపై పడినప్పుడు వాటి ముఖమున ఆనందచిహ్నములు చెక్కుచెదరలేదు. అయినను అవి ఆహారమును వెదకికొని కదలుట మానివేసెను. అనగా కోరుట వేరు, అనుభవించి సంతోషించుట వేరు. వీధిమొగలో బజ్జీలు వేగు వాసన సోకగానే కాళ్లు అటు మరలుటకును, చేతిఫోను చిన్న సవ్వడి చేయగానే చేయుపని విడిచి దానిని అందుకొనుటకును, అనుభవింపబోవు సుఖముకంటె ఆ సంకేతమే ముఖ్యహేతువగుచున్నది.

ఇక ఆ కోరికవేగమును తూచి నిలుపు తావు నుదుటి వెనుకనున్న లలాటభాగము. కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో టాడ్ హేర్, కాలిన్ కామెరర్, ఆంటొనియో రాంగెల్ అనువారు 2009లో ప్రకటించిన పరిశోధనలో, పథ్యము పాటించువారిని కొందరిని పిలిచి, ఒక్కొక్క తినుబండారమునకు రుచి యెంత, ఆరోగ్యమునకు మేలెంత యని వేర్వేరుగా విలువ కట్టించి, ఆ తరువాత మెదడు చిత్రములు తీయు యంత్రములో పరుండబెట్టి, వాటిలో కావలసినవానిని ఎన్నుకొనుమనిరి. వస్తువుల విలువను గణించు లలాటపు అడుగుభాగము అందరియందును పనిచేసినది. అయితే నిగ్రహము చూపనివారిలో ఆ లెక్కకు రుచి యొక్కటియే యెక్కగా, నిగ్రహము చూపినవారిలో ఆరోగ్యమును ఆ తూనికలోనే చేరినది. అట్టివారియందు లలాటపు పైపార్శ్వము అధికముగా చైతన్యము పొంది, అడుగుభాగపు గణనమును మార్చుచున్నట్లు కనబడినది. పిమ్మట వీరిలో హేర్, రాంగెల్ అనువారు పాల్గొన్న మరియొక పరిశోధనలో, ఆరోగ్యమును గూర్చి తలచుకొనుడని జ్ఞాపకముచేసినంత మాత్రముననే జనుల ఎంపిక మెరుగుపడుట కనబడినది. ఈ లలాటభాగము ఇరువదియేండ్లు దాటినదాక పూర్తి పరిణతి పొందదు; పడుచువారిని చపలచిత్తులని దూషించుటకు ముందు పెద్దలు దీనిని తలచుకొనవలెను.

బింగ్ పాఠశాలలో ఓపికపట్టిన బిడ్డలు పెరిగి పెద్దవారై పరీక్షలలో హెచ్చు మార్కులు తెచ్చుకొనిరని 1990లో వెలువడిన వార్త లోకమంతట ప్రాకి, నిగ్రహమే భాగ్యహేతువను నమ్మకము బలపడినది. 2018లో 900 మందికి పైబడిన బిడ్డల వివరములు పరిశీలించినవారు, కుటుంబ పరిస్థితులను లెక్కలోనికి తీసికొనగా ఆ సంబంధము చాలవరకు సన్నగిల్లుటను చూపిరి. పేదబిడ్డ తొందరపాటును స్వభావదోషమని నిందించుట యెంత అన్యాయమో రోచెస్టర్ విశ్వవిద్యాలయమున సెలెస్ట్ కిడ్ బృందము జరిపిన ప్రయోగము నాకు స్పష్టపరచినది. వారు 28 మంది పిల్లలకు మొదట అరిగిన రంగు క్రేయాన్లు చూపి, కొంచెము ఆగినచో మంచివి తెత్తుమనిరి. తరువాత అంటించు బొమ్మల విషయమునను అట్లే వాగ్దానము చేసిరి. సగముమందికి రెండుసారులును మాట చెల్లించి, తక్కినవారికి రెండుసారులును వట్టిచేతులతో వచ్చి, లేవని చెప్పిరి. అటుపిమ్మట మిఠాయి పెట్టగా, మాట చెల్లినవారు సగటున 12 నిమిషములు వేచిరి, మోసపోయినవారు 3 నిమిషములు మాత్రమే. మొదటి 14 మందిలో 9 మంది పూర్తి పావుగంట గడిపి రెండవ మిఠాయిని అందుకొనిరి; రెండవ 14 మందిలో దానిని పొందినది ఒక్క బిడ్డయే. చెప్పిన క్రేయాన్లు రాని చోట మిఠాయి మాత్రము వచ్చునని ఆ తక్కినవారు ఏల నమ్మవలెను?