రాతినార ధూళి – గృహిణులు తెలిసికొనవలసిన సంగతులు

నిప్పున కాలనిదియు, నీట చివుకనిదియు, చవుకగా దొరకునదియు నగు వస్తువును లోకము నెత్తిన బెట్టుకొనుట సహజము. రాతినార యట్టి వస్తువు. భూమిలో రాయివలె నుండి, చీల్చినచో ప్రత్తివలె పోగులుగా విడిపోవును. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున దీని గనులుండెడివి. హైదరాబాదున 1946లో ఏర్పడిన సంస్థ యొకటి సనత్‌నగరులో దీనిని సిమెంటుతో గలిపి రేకులు చేయగా, చార్మినార్ రేకులను పేరు ఊరూర వ్యాపించెను. లాలాపేట వంటి పేటలలోని బూడిదవన్నె రేకుల కప్పులు మన సోదరీమణులకు క్రొత్తవి కావు.

ఇంటికప్పున గానవచ్చు ఈ వస్తువే యుద్ధనౌకల లోపలను విస్తారముగా నుండెడిది. 1971 యుద్ధమున బంగాళాఖాతములో ప్రఖ్యాతి గాంచిన విక్రాంత్ నౌక బ్రిటనులో 1945లో జలప్రవేశము చేసి, 1961లో మన నౌకాదళమున జేరినది. ఆ తరపు ఆవిరినౌకలలో బాయిలర్లకును, వేడి గొట్టములకును రాతినార చుట్టుట సర్వత్ర ఆచారము. మరమ్మతు చేయునప్పుడు ఆ చుట్టు విప్పగా ధూళి లేచును. గాలి చాలని ఆ యంత్రపు గదులలో నావికులు దానినే పీల్చిరి. ఆవిరి రైలింజనులకును ఇట్టి చుట్టే యుండెడిది. కావున లాలాగూడ రైల్వే కార్ఖానాకు ప్రక్కనున్న లాలాపేటవారికి ఈ విషయము దూరదేశపు కథ కాదు.

ఈ పోగులు కంటికి గానరానంత సన్ననివి. ఊపిరితిత్తులలో నాటుకొని, అచటనే యుండిపోవును. అప్పుడు దగ్గు లేదు, నొప్పి లేదు. 20, 30, ఒక్కొక్కప్పుడు 40 ఏండ్లు గడచిన పిమ్మట ఆయాసము, ఊపిరితిత్తులు గట్టిపడుట, కాన్సరు మున్నగునవి బయలుపడును. పొగత్రాగు అలవాటున్నచో ఊపిరితిత్తుల కాన్సరు భయము అనేక రెట్లగును.

ఈ వ్యాధిచరిత్రలో తొలిపుటలయందే ఒక స్త్రీ కనిపించుచున్నది. ఇంగ్లండులో రాతినార మిల్లున పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో, 33 ఏండ్ల వయసున మరణింపగా, వైద్యులు ఆమె వ్యాధిని శాస్త్రపత్రికలో వర్ణించిరి. మరి 1965లో లండనున మ్యూరియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అను పరిశోధకురాండ్రు ఊపిరితిత్తుల పొరకు గాని, ఉదరపు పొరకు గాని వచ్చు కాన్సరుతో బాధపడిన 76 మంది చరిత్రలు విచారించిరి. వారిలో 9 మంది ఆ పని స్వయముగా ఎరుగనివారు. ఇంటివారు మాత్రము చేసిరి. ఆ 9 మందిలో ఎక్కువమంది భర్తల పనిబట్టలు దులిపి యుతికిన ఇల్లాండ్రే! సంసారసేవయే వారికి విషమయ్యెను.

కావున గృహిణులు చేయదగిన పనులు కొన్ని కలవు. మీ యింట నౌకలయందో, కార్ఖానాలయందో, రేకుల పనియందో జీవితము గడపిన పెద్దలున్నచో, ఎన్ని యేండ్లు, ఎట్టి పని చేసిరో ఒక కాగితమున వ్రాసి యుంచుడు. ఆయాసముతో వైద్యునికడ కేగినప్పుడు దానిని చూపుడు. నేటి దగ్గునకు నలుబదియేండ్ల నాటి పని కారణమని వైద్యుడు తనంత తానుగా ఊహింపజాలడు. ధూళి బట్టలను దులుపక, వేరుగా తడిపి యుతుకవలయును. పాత రేకులను కోయరాదు, తొలువరాదు, పగులగొట్టరాదు; విరిగిన ముక్కలను నీటితో తడిపి తీయించి, ఆ చోటును పొడి చీపురుతో నూడ్వక తడిగుడ్డతో తుడువవలయును.

1995లో భారత సుప్రీంకోర్టు రాతినార పనివారి ఆరోగ్యపు లెక్కలను 40 ఏండ్లు గాని, పని విరమించిన పిమ్మట 15 ఏండ్లు గాని, ఏది యెక్కువయో అంతకాలము భద్రపరుపవలెనని శాసించినది. అరువదికి పైగా దేశములు ఈ వస్తువును నిషేధించినవి. మన దేశమున మాత్రము విదేశములనుండి వచ్చు రాతినారతో రేకులు నేటికిని తయారగుచున్నవి. చవుకయని కొనుటకు ముందు, ఆ చవుకకు వెల ఎవరు చెల్లించుచున్నారో మనము విచారింపవలసియున్నది.