మీకు తెలుసా? గురి కుదరకపోతే తూటా వదలకూడదు

వేటకు చట్టం ఒప్పుకునే దేశాల్లో, లైసెన్సు కోసం వచ్చినవాళ్లకు తుపాకీ ఎలా పేల్చాలో చెప్పడంతోపాటు ఎప్పుడు పేల్చకూడదో కూడా గట్టిగా నేర్పుతారు. ప్రాణం తీయక తప్పనప్పుడు అది క్షణాల్లో పోవాలి. ఏ జీవీ కొనప్రాణంతో పొదల్లో పడి కొట్టుకోకూడదు. జింకలు, అడవిపందుల వేటలో ఈ ఒక్క నియమం చుట్టూ ఎంత శాస్త్రం, ఎంత చట్టం, ఎంత జాలి అల్లుకుని ఉన్నాయో చూడండి.

తలకు గురిపెట్టరు

సినిమాల్లో వేటగాడు జింక నుదుటికి గురిపెడతాడు. పని తెలిసిన వేటగాడు అలా చేయడు. జింక మెదడు పిడికిట్లో పట్టేంత. పైగా ఒంట్లో అన్నిటికంటే ముందు కదిలేది తలే. ఆకు గలగలమన్నా చటుక్కున తిప్పుతుంది. తూటా రెండంగుళాలు పక్కకు పోతే దవడ విరుగుతుంది. జింక పారిపోతుంది కానీ మేయలేదు, నీళ్లు తాగలేదు, రోజుల తరబడి మాడి చస్తుంది. అందుకే గురి రొమ్ముకు. గుండె, ఊపిరితిత్తులు ఉండే ఆ చోటు అమెరికాలోని తెల్లతోక జింకలో 8 నుంచి 10 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంటే మనం టిఫిన్ తినే పళ్లెమంత. రెండు ఊపిరితిత్తుల్లోంచీ తూటా దూసుకుపోతే, మెదడుకు నెత్తురు అందక జింక మామూలుగా వంద మీటర్ల లోపే కూలిపోతుంది.

అడ్డంగా తిరిగేదాకా ఆగాలి

జింక మనకు పక్క చూపిస్తూ అడ్డంగా నిలబడినప్పుడే ఆ పళ్లెం పూర్తిగా కనిపిస్తుంది. ముందుకాలి వెనక అంచు పట్టుకుని, రొమ్ము కింది నుంచి మూడో వంతు ఎత్తుకు వెళితే అదే గురి. కాస్త అవతలికి తిరిగి ఉంటే, తూటా లోపలి నుంచి వెళ్లి అవతలి ముందుకాలి దగ్గర బయటపడేలా లెక్క వేసుకుంటారు. ఎదురుగా నిలబడినా, వెనక్కి తిరిగి పోతున్నా తుపాకీ దించేస్తారు. వెనక నుంచి కొట్టిన తూటా ముందుగా చీల్చేది పేగుల్ని. దాంతో జంతువుకు చిత్రవధ, మాంసమూ పాడు.

పంది గుండె మరోచోట ఉంటుంది

జింకను కొట్టిన అలవాటుతో అడవిపందికి జబ్బ వెనక గురిపెడితే, తూటా పొట్టలోకి పోయే ప్రమాదం ఎక్కువ. పందికి గుండె, ఊపిరితిత్తులు ఇంకా కిందికి, ఇంకా ముందుకు, దాదాపు ముందుకాళ్ల మధ్యనే ఉంటాయి. ముదురు మగపందికి ఇంకో రక్షణ కూడా ఉంది. జబ్బల మీద తోలు, దాని కింది కణజాలం గట్టిపడి డాలులా తయారవుతాయి. తోటి మగపందుల కోరల నుంచి కాచుకోవడానికి ప్రకృతి ఇచ్చిన కవచం అది. చర్మం కింద ఉండే కొవ్వు తూటా చేసిన రంధ్రాన్ని మూసేస్తుంది, బిరుసు వెంట్రుకలు నెత్తుటిని పీల్చేస్తాయి. దెబ్బ తిన్న పంది నేల మీద నెత్తురు చుక్క రాల్చకుండా చాలా దూరం పోగలదు.

ఆకు మీది నెత్తురు మాట్లాడుతుంది

తూటా తగిలిన చోట వంగి ఒక్కో ఆకూ తిప్పి చూస్తారు. లేత ఎరుపు రంగులో, చిన్న చిన్న బుడగలతో నురగలా ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. చిక్కగా, నల్లెరుపుగా ఉంటే కాలేయానికి. ఆకుపచ్చటి మేత తునకలు కలిసి దుర్వాసన వస్తే పొట్టకు తగిలినట్టు. చివరిది కనబడితే వెంటనే తరమడం పెద్ద తప్పు. తరమకపోతే జంతువు దగ్గర్లోనే ఏ పొద చాటునో పడుకుంటుంది. తరిమితే చావు భయంతో మైళ్ల దూరం పరిగెత్తి, ఎవరికీ దొరకని చోట ఒంటరిగా చస్తుంది. అందుకే ఊపిరితిత్తులకు తగిలితే అరగంట, పొట్టకు తగిలితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగి వెతకమంటారు. ఆ గంటలన్నీ ఆ జీవి పడే బాధ ఒక్క తొందరపాటు తూటా ఖరీదు.

తూటా శక్తికీ చట్టం ఉంది

జర్మనీలో చిన్నజాతి రో జింకను కొట్టే తూటాకు వంద మీటర్ల దూరంలో కనీసం 1000 జౌళ్ల శక్తి ఉండాలి. ఎర్ర జింకకు, అడవిపందికి అయితే 2000 జౌళ్లు, తూటా వ్యాసం కనీసం 6.5 మిల్లీమీటర్లు. వాటి మీద చిల్లర గుళ్ల తూటాలు పేల్చడం నిషేధం. చిన్న తూటా, చిల్లర గుళ్లు ప్రాణం తీయకుండా గాయం మాత్రం చేసి వదిలేస్తాయన్నదే ఈ నిబంధన వెనకున్న ఆలోచన.

తల్లికి మినహాయింపు

పిల్లలు సొంతంగా బతికే వయసు వచ్చేదాకా వాటిని సాకే తల్లిని కొట్టకూడదని అదే జర్మన్ చట్టం చెబుతుంది. చారల పిల్లలను వెంటేసుకుని వచ్చిన ఆడపంది పంటను ఎంత తవ్వినా సరే. గుంపులో ముందు నడిచే పెద్దపందిని చూడగానే వేలు బిగించకుండా, దాని వెనక గడ్డిలో ఏం కదులుతోందో చూడాలన్నమాట.

కుక్క తోడు లేకుండా వేట లేదు

స్వీడన్‌లో పెద్ద జింకజాతి జంతువుల వేటకు వెళ్లేవాళ్లు, దెబ్బ తిన్న జంతువు జాడ తీసే కుక్క రెండు గంటల్లోపు ఆ చోటికి రాగలిగేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. జర్మనీలో ఇలాంటి కుక్కలకు పరీక్షలున్నాయి. 20 గంటలు, 40 గంటలు పాతబడిన నెత్తుటి జాడను వాసనతో పట్టుకుంటూ అవి వేయి మీటర్లకు పైగా వెళ్లాలి. తూటా వదిలాక జంతువును వెతికి, దాని బాధ తీర్చేదాకా వేటగాడి బాధ్యత తీరదు.

భయం మాంసంలో కనిపిస్తుంది

ప్రాణం పోయాక కండరాల్లో మిగిలిన గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారి, మాంసం చెడకుండా కాపాడుతుంది. తరమగా తరమగా, భయపడి పరిగెత్తిన జంతువులో ఆ నిల్వ అయిపోతుంది. దాని మాంసం నల్లబడి, జిగటగా మారి త్వరగా పాడవుతుంది. తనకేం జరిగిందో తెలియకముందే ప్రాణం విడిచిన జంతువు మాంసానికి ఆ చెడు ఉండదు.

వెనక మట్టి కనబడాలి

పైకి లేచిన రైఫిల్ తూటా మూడు కిలోమీటర్లు దాటి కూడా పోగలదు. అందుకే గుట్ట అంచు మీద, ఆకాశం వెనకాల ఉండగా నిలబడిన జింక ఎంత అందంగా కనబడినా గురిపెట్టరు. దాని వెనక మట్టికట్ట ఉండాలి. గుంపులో ఉంటే ఒకదాన్ని దాటి వెళ్లిన తూటా ఇంకోదాన్ని గాయపరచకుండా చూసుకోవాలి.

ఒక తప్పు గురి, 436 ప్రాణాలు

1907లో కుమావు కొండల్లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపావత్ ఆడపులిని చంపాడు. అది పొట్టన పెట్టుకున్న మనుషులు 436 మంది అని లెక్క. దాని నోరు తెరిచి చూస్తే కుడివైపు పైకోర సగానికి, కిందికోర ఎముకదాకా విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చి వదిలేసిన తూటా చేసిన గాయం అది. అడవిలో మామూలు వేట చేతకాక మనుషుల మీద పడింది.

చివరి ముద్ద

జర్మనీ, ఆస్ట్రియా అడవుల్లో నేలకూలిన జింక నోట్లో ఒక పచ్చటి రెమ్మ పెడతారు. దాన్ని చివరి ముద్ద అంటారు. ఆ తర్వాత వేటగాడు టోపీ తీసి కాసేపు మౌనంగా నిలబడతాడు.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. పంట పాడుచేసే అడవిపందినైనా, అధికారం ఉన్నవాళ్లు రాసిచ్చిన అనుమతి లేకుండా కొట్టకూడదు. తెల్లారేసరికి మొక్కజొన్న, వేరుశనగ చేను దున్నేసినట్టయితే రైతు కడుపు మండుతుంది. ఆ మంట నిజం. అయితే ఆ కోపంతో పెట్టే ఉచ్చు, కరెంటు తీగ, నాటుబాంబు దేన్ని చంపాలో ఎంచుకోలేవు. 2020లో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఒక ఏనుగు, పేలుడు పదార్థం నింపిన ఎర కొరికి నోరు ఛిద్రమై, నదిలో నిలబడి ప్రాణం విడిచింది. కరెంటు తీగకు పందీ ఒకటే, తెల్లారి నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క చేను రైతూ ఒకటే. తుపాకీ పట్టిన మనిషికి కనీసం వేలు వెనక్కి తీసుకునే అవకాశం ఉంటుంది. రాత్రి తీగ వేసి ఇంటికెళ్లి పడుకున్నవాడికి ఆ అవకాశమూ లేదు.