ఫోన్ ఖాళీ చేయబోయి కాయితం పోగొట్టుకున్నా

మాది ధరణికోట. మా నాయన కౌలు కాయితం వానకి తడిసి ముద్దయిపోయింది. ఫోన్లో ఫోటో ఉందిగదా అని ధైర్యంగా ఉన్నా. తీరా తెరిచి పెద్దది చేసి చూస్తే సర్వే నంబర్లో ఉన్నది మూడో ఎనిమిదో తెలీటంలా. తప్పు నాదే.

ఫోన్ నిండిపోయిందని ఫోటోలు కుదించే యాప్ ఒకటి ఎక్కించా. మూడు ఎంబీల ఫోటోని మూడొందల కేబీ చేసింది. భలే అనుకున్నా. కానీ అది పాత ఫోటోని అట్టాగే ఉంచి, పక్కన కొత్తది చేసిపెట్టింది. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉందాయె, ఆ కొత్తదాన్ని కూడా క్లౌడ్‌లోకి ఎక్కించింది. జాగా తగ్గకపోగా పెరిగింది. పైగా ఫోటో ఎప్పుడు తీశామో చెప్పే వివరం కుదింపులో ఊడిపోయి, ఐదేళ్లనాటి పెళ్లి ఫోటోలు ఇయ్యాళ్టి తేదీలో వచ్చి కూర్చున్నాయి.

ప్రతిదీ రెండ్రెండు కనపడేసరికి చిరాకేసి ఒకదాన్ని తీసేసుకుంటా పోయా. అసలుది ఏదో చూసుకోలా. ఫోన్లో తీసేసినా క్లౌడ్‌లో ఉంటదిలే అనుకుంటాం గదా, ఉండదు. బ్యాకప్ అయిన ఫోటోని గూగుల్ ఫోటోస్‌లో డిలీట్ కొడితే రెండుచోట్లా పోద్ది. చెత్తబుట్టలో 60 రోజులుంటది. నేను చూసుకునేసరికి ఆ గడువూ దాటింది.

కుదించినదాన్ని మళ్లీ పెంచితే అక్షరాలు తిరిగి రావు. జేపెగ్ కుదింపు కంటికి ఆనని సన్నటి వివరాల్ని పారేస్తది. మనిషి మొహంలో ఆ తేడా తెలీదు, బాల్‌పెన్ను రాతలో తెలుస్తది. మా పక్కనున్న అమరావతి స్తూపం సంగతీ అంతే. రాళ్లు చాలా వరకు సున్నానికి పోయాయి. 1816లో కాలిన్ మెకంజీ మనుషులు వేసిన బొమ్మలు మిగిలాయి. ఆ బొమ్మలో లేని గీత రాతిమీద ఉండేదా అంటే ఇప్పుడెవరు చెప్తారు?

2021 జూన్ 1 నుంచి ఉచితంగా వచ్చేది 15 జీబీయే, అదీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి. అందుకే అందరికీ ఈ కుదింపుల యావ. గూగుల్ ఫోటోస్‌లోనే 'స్టోరేజ్ సేవర్' ఉంది. 16 మెగాపిక్సెల్ దాటిన ఫోటోని అంతకు దించుద్ది. ముందే ఎక్కించిన ఒరిజినల్స్‌ని కుదించే మీట ఇంకోటుంది. అది నొక్కితే ఇక వెనక్కి రాదు. సెల్ఫీలకి పర్లేదు. పాసుపుస్తకం, మార్కుల లిస్టులాంటివి మాత్రం ముందు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. వాట్సాప్‌లో పంపాలన్నా డాక్యుమెంట్‌గా పంపండి.

నాయన ఇప్పుడు ఆసామి చేత మళ్లీ రాయించుకోవాలి. ఆయనేమో హైదరాబాద్‌లో ఉంటాడు. సంక్రాంతికి వస్తానన్నాడు.