పండగ పూట సినిమా మాట

పండగ పూట ఆస్తి మాట ఎత్తరాదని మా అవ్వ శాసనం. టమాటా ధర మాట ఎత్తితే చిన్నాయనకు కోపం. ఇక మిగిలింది సినిమా ఒక్కటే కదా!

2025 భోగినాడు తెల్లవారుజామున మదనపల్లెలో మంట చుట్టూ చేరాం. అప్పటికి రెండు బొమ్మలు పడ్డాయి: జనవరి 10న రామ్‌చరణ్ ‘గేమ్ ఛేంజర్’, 12న బాలకృష్ణ ‘డాకు మహారాజ్’. వెంకటేశ్ ‘సంక్రాంతికి వస్తున్నాం’ మరునాడు రావలసి ఉంది. చూసినవాళ్లకంటే చూడనివాళ్లే గట్టిగా తీర్పులు చెప్పారు సుమండీ! చిన్నాయన ఒక్కటీ చూడలేదు. ఇంకా విడుదల కాని మూడోదానికే ఓటు వేశాడు. “పండగ పేరు పెట్టినాక ఆడకుండా ఎట్లుంటుందప్పా?” అని ఆయన వాదన. ఆయన జోస్యమే ఫలించిందనుకోండి, అది వేరే మాట.

ఆ మంట దగ్గర మా అన్న లేడు. నాన్న కట్టిన ఇంటి గోడ విషయంలో మాకు మాట పడి నాలుగేళ్లయింది. వాడు అవ్వతో సహా పుంగనూరికి మారిపోయాడు.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. ఆదివారం పొద్దున ఆ ఇల్లు కిటకిటలాడేది. కిటికీ నాకు అందేది కాదు, అన్న భుజాల మీద ఎక్కించుకునేవాడు. వాడికి కనబడేది గోడే. “ఇప్పుడేమైందిరా?” అని కిందినుంచి అడిగేవాడు. నాకు హిందీ ఒక్క ముక్క రాదు. అయినా తోచిన కథ చెప్పేవాణ్ణి. దశరథుడు ఎందుకు ఏడుస్తున్నాడో నేను చెప్పిన కారణం వాల్మీకికి కూడా తట్టి ఉండదు!

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. తరువాత ఎవరింట్లో వాళ్లకే టీవీ, ఇప్పుడు ఎవరి చేతిలో వాళ్లకే ఫోను. కిటికీ కోసం ఒకరి భుజమెక్కే అగత్యం పోయింది.

కనుమనాడు అవ్వ రమ్మని కబురంపితే కాదనలేక పుంగనూరు వెళ్లాను. వాకిట్లో పొట్టి పుంగనూరు ఆవుకు కొమ్ములకు రంగు వేసి ఉంది. అన్న “రా” అన్నాడు. అంతే. సాయంత్రం చిట్లాకుప్ప అంటించి పశువులను తోలేటప్పుడు కూడా చెరొక పక్క నిలబడ్డాం.

మరునాడు అవ్వ మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని కుప్పంలో మేనత్త ఇంటికి బయలుదేరింది. పలమనేరు దాటాం, వి.కోట దాటాం. కారులో అవ్వ గురక తప్ప మాట లేదు.

కుప్పం మూడు రాష్ట్రాల ముడి. అక్కడ సినిమా వాదన మూడు భాషల్లో నడుస్తుంది. అత్త తెలుగు మనిషి, మామది కృష్ణగిరి. మేము వెళ్లేసరికి టీవీలో రంగులద్దిన ‘మాయాబజార్’, ఎదురుగా యుద్ధం!

“అభిమన్యుడు జెమినీ గణేశనే. నా కళ్లతో చూశా,” అంటాడు మామ.

“నాగేశ్వరరావు కళ్లెదుట నిలబడి ఉంటే, గణేశన్ ఎక్కడినుంచి వచ్చాడు?” అంటుంది అత్త.

“ఇద్దరిదీ నిజమే,” అన్నాం నేనూ అన్నా ఒక్కసారే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

వాడే అందుకున్నాడు. 1957లో విజయావారు కె.వి.రెడ్డి చేత ఆ సినిమా రెండు భాషల్లోనూ తీయించారు. మార్చిలో తెలుగు, ఏప్రిల్‌లో తమిళం. రామారావు, రంగారావు, సావిత్రి రెండింటా ఉన్నారు. అభిమన్యుడు మాత్రం ఇక్కడ నాగేశ్వరరావు, అక్కడ గణేశన్.

“లక్ష్మణకుమారుడు?” అన్నాను నేను, వాణ్ణి పరీక్షిస్తున్నట్టు.

“మనకు రేలంగి, వాళ్లకు తంగవేలు. నాకే పరీక్ష పెడతావురా?” అన్నాడు. నాలుగేళ్ల తరువాత వాడు నన్ను ‘రా’ అన్నది అప్పుడే. వాకిట్లో పిలిచిన ‘రా’ వేరు, ఇది వేరు లేండి.

అత్త ఓళిగలు తెచ్చింది. మామ మాత్రం ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు, గెలిచాననీ అనలేదు.

తిరుగు దారిలో పలమనేరులో టీకి ఆగాం. “మూడో బొమ్మ బాగుందంట. రెండో ఆటకు పోదామా?” అన్నాడు అన్న, రోడ్డు వైపు చూస్తూ.

“పోదాం.”

“నాకూ ఒక టిక్కెట్టు తీయండిరా,” అంది వెనక సీట్లోంచి అవ్వ. నిద్రపోతోందనుకున్నాం.

గోడ మాట ఎవరూ ఎత్తలేదు.